ఇంటి నీటి పైపులు: సూదిబెజ్జం లీకులు, పాత పైపుల మార్పిడి

ఇంట్లో నీళ్లు మోసే పైపుకు సూదిమొనంత చిల్లు పడి, అందులోంచి నీరు చెమర్చినా, సన్నటి దారంలా చిమ్మినా దాన్ని సూదిబెజ్జం లీకు అనవచ్చు. ప్లంబర్లు పిన్‌హోల్ లీకు అంటారు. మన దగ్గర ఇది ఎక్కువగా జింకు పూత ఉన్న జిఐ ఇనుప పైపుల్లోనూ, అమెరికా వంటి దేశాల్లో రాగి పైపుల్లోనూ కనిపిస్తుంది. చిల్లు బయటపడేది ఒక్క రోజులోనే అయినా, దాని వెనక ఏళ్ల తరబడి సాగిన తుప్పు ఉంటుంది. అదే పైపులో మిగతా భాగం కూడా అదే నీళ్లు, అంతకాలమూ మోసి ఉంటుంది. కాబట్టి ఒక చిల్లు పూడ్చిన కొన్నాళ్లకు పక్కనే మరొకటి పడటం సాధారణం. ఎక్కడిదాకా అతుకు వేయాలి, ఎప్పుడు పైపు మార్చాలి అన్నది నీటి గుణం, పైపు రకం, వయసు, చిల్లు పడిన చోటు చూసి తేల్చవలసిన విషయం.

కడప జిల్లా పడమటి మండలాల్లో నీటి పైపులు రెండు విధాల చెడిపోతాయి. లోపల సున్నపు గార పేరుకుని దారి మూసుకుపోవడం ఒకటి, లోహం తిని చిల్లులు పడటం మరొకటి. ఈ రెండూ ఒకే పైపులో పక్కపక్కనే జరగవచ్చు.

ప్రాంతం, నీరు

ఈ పడమటి భాగంలోని సింహాద్రిపురం పులివెందుల నియోజకవర్గంలోని మండల కేంద్రం. ఈశాన్యాన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పెన్నా నది ఒడ్డున ఉన్నాయి. నల్లరేగడి పొలాలు, శనగ పైరు, చీనీ తోటలు ఈ ప్రాంతపు గుర్తులు. ఇది భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే అతి ప్రాచీన శిలాప్రాంతంలో భాగం. సున్నపురాయి, డోలమైటు, పలకరాయి ఇక్కడ పొరలు పొరలుగా ఉంటాయి. ఇళ్లలో పరిచే నల్లటి కడప బండ కూడా సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ ఈ రాయి ఉండబట్టే.

వాన నీరు భూమిలోకి ఇంకుతూ గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. అలాంటి నీరు సున్నపురాతి పగుళ్లలో నిలిచినప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు అందులో కరుగుతాయి. అదే కఠిన జలం. జనం దాన్ని ఉప్పునీళ్లు అంటారు. సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం, నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం దీని గుర్తులు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. క్లోరైడుకు ఆ హద్దులు 250, 1000 మిల్లీగ్రాములు. పైపుల విషయంలో కాఠిన్యం గారను పెంచితే, క్లోరైడు తుప్పును పెంచుతుంది.

బోరు నీటికి తోడు ఈ ప్రాంతానికి నది నీళ్లు కూడా చేరాయి. లింగాల మండలం పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు సామర్థ్యం 10 టీఎంసీలు. సింహాద్రిపురం మండలంలోనే ఉన్న పైడిపాలెం రిజర్వాయరు సామర్థ్యం 6 టీఎంసీలు. గండికోట నుంచి ఎత్తిపోతల ద్వారా కృష్ణా నీరు పైడిపాలేనికి వస్తుంది. నది నీటి గుణం వేరు, బోరు నీటి గుణం వేరు. ఏళ్ల తరబడి ఒకే రకం నీటికి అలవాటుపడిన పాత ఇనుప పైపులోకి వేరే రకం నీరు వస్తే లోపలి గార, తుప్పు పొరలు కదిలి కొన్నాళ్లపాటు కొళాయిలో ఎర్రటి నీళ్లు రావచ్చు. ఆ పొర కిందే దాగి ఉన్న చిల్లులు అప్పుడు బయటపడవచ్చు.

ఇళ్లలో పైపులు వచ్చిన తీరు

రాయలసీమలో పాత ఇళ్లు మట్టి మిద్దెలు, బండల మిద్దెలు. గోడలు రాతివి. అవి కట్టిన నాటికి ఇంట్లో కొళాయి అన్న మాట లేదు. బావి నుంచో వీధి పంపు నుంచో బిందెలతో తెచ్చుకునేవారు. తరవాతెప్పుడో ఇంటికి కొళాయి వచ్చినప్పుడు పైపును గోడ బయటివైపు క్లాంపులతో బిగించారు. ఆర్‌సీసీ ఇళ్లు వచ్చాక గోడకు గాడి కొట్టి, పైపును అందులో దింపి, పూత పూసి, బాత్‌రూములో దానిమీద టైల్స్ అంటించడం ఆనవాయితీ అయింది. చూడటానికి నున్నగా ఉండే ఈ పద్ధతిలో లీకు పడితే మరమ్మతు కన్నా గోడ పగలగొట్టి, మళ్లీ పూయడానికే ఎక్కువ ఖర్చవుతుంది. పాత మిద్దెలో పైపు మార్చడం పూట పని. కొత్త ఇంట్లో అదే పని వారం తినవచ్చు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో ప్రతి ఇంటికీ కొళాయి కనెక్షను, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు లక్ష్యంగా పెట్టుకుంది. దీంతో గ్రామాల్లోనూ ఇంటి పైపుల సంగతి పట్టించుకోవలసిన కుటుంబాల సంఖ్య పెరిగింది. చాలా ఇళ్లలో ఇప్పుడు రెండు వరసలు ఉంటాయి. వాడకానికి బోరు నీళ్ల వరస, తాగడానికి, వంటకు కొళాయి వరస.

పైపుల రకాలు

జిఐ పైపు: ఉక్కు పైపును కరిగిన జింకులో ముంచి తీసినది. ఇనుముకు జింకు పూసే ఈ పద్ధతికి ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంటు పొందాడు. మన దేశంలో వీటికి ఐఎస్ 1239 ప్రమాణం. మందాన్ని బట్టి మూడు తరగతులు: పసుపు పట్టీ ఉన్నది లైట్, నీలం పట్టీ ఉన్నది మీడియం, ఎరుపు పట్టీ ఉన్నది హెవీ. అరంగుళం పైపు గోడ మందం లైట్‌లో 2 మిల్లీమీటర్లు, మీడియంలో 2.6, హెవీలో 3.2. పైన ఉండే జింకు పూత చదరపు మీటరుకు 360 గ్రాములు అనుకుంటే దాని మందం సుమారు 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక పాటిది. పైపు ఆయుష్షులో పెద్ద భాగం ఆ పలచటి పూత మీదే ఆధారపడి ఉంటుంది.

పీవీసీ పైపు: తుప్పు పట్టదు, చవక. తాగునీటి పైపులకు ఐఎస్ 4985 ప్రమాణం. దీని బలాన్ని 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్కగడతారు. వేడి పెరిగేకొద్దీ తట్టుకునే ఒత్తిడి తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప ఎండలో మిద్దె మీద నేరుగా పరిచిన పీవీసీ క్రమంగా రంగు వెలిసి పెళుసుబారుతుంది. తోటలో మిగిలిన పైపు ముక్కలను ఇంటి తాగునీటి వరసకు వాడే అలవాటు పల్లెల్లో ఉంది. ఐఎస్ఐ గుర్తు లేని పైపు అలా వాడకూడదు. పీవీసీ తయారీలో సీసపు లవణాలను స్థిరకారులుగా వాడటంపై కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది.

సీపీవీసీ పైపు: పీవీసీకి మరింత క్లోరిన్ చేర్చి చేసినది. లేత పసుపు రంగులో ఉంటుంది, వేడినీటికీ పనికొస్తుంది. దీనికి ఐఎస్ 15778 ప్రమాణం. ఇప్పుడు కొత్త ఇళ్లలోనూ, పాత జిఐ మార్చే ఇళ్లలోనూ ఎక్కువగా వేసేది ఇదే.

హెచ్‌డీపీఈ పైపు: నల్లటి, వంగే గొట్టం. వీధి పైపు నుంచి ఇంటి దాకా భూమిలో వేయడానికి బాగుంటుంది. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు గట్టి పైపుల కీళ్లు విడిపోతాయి. హెచ్‌డీపీఈ కొంతవరకు వంగి తట్టుకుంటుంది.

చిల్లు ఎలా పడుతుంది

జింకు ఉన్నంతకాలం అది ముందు కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. జింకు అరిగిపోయిన చోట తుప్పు మొదలవుతుంది. పైపంతటా సమానంగా పట్టే తుప్పు వల్ల చిల్లు పడటానికి చాలా కాలం పడుతుంది. ప్రమాదం అంతా ఒకేచోట లోతుగా తొలిచే తుప్పుతోనే. ఇసుక రేణువో, గార పెచ్చో, తుప్పు బొడిపో ఒకచోట అతుక్కుంటే దాని కింది భాగానికి నీటిలోని ఆక్సిజన్ సరిగా అందదు. చుట్టూ ఉన్న భాగానికి అందుతుంది. ఈ తేడా చిన్న బ్యాటరీలా పనిచేసి, ఆక్సిజన్ అందని చోటే ఇనుమును కరిగిస్తుంది. గుంటలోకి క్లోరైడు చేరి, లోపల ఆమ్లగుణం పెరిగి, గుంట తనంతట తానే లోతెక్కుతుంది. చుట్టూ లోహం గట్టిగానే ఉన్నా ఆ ఒక్క బిందువు దగ్గర పైపు గోడ తెగిపోతుంది.

చిల్లు పడిన చోటు చాలాసార్లు కారణాన్ని చెబుతుంది.

మర దగ్గర: జిఐ పైపుకు డై పెట్టి మర కోసేటప్పుడు జింకు పూత పోతుంది, లోహమూ తగ్గుతుంది. అరంగుళం మర లోతు సుమారు 1.16 మిల్లీమీటర్లు. అంటే మీడియం పైపులో మర అడుగున మిగిలేది ఒకటిన్నర మిల్లీమీటరు లోపే, లైట్ పైపులో మిల్లీమీటరు కూడా ఉండదు. ఎల్బో, టీ, సాకెట్ పక్కనే తొలి లీకు రావడానికి ఇదే ముఖ్య కారణం. కొనేటప్పుడు పసుపు పట్టీకీ నీలం పట్టీకీ మధ్య ఆదా చేసిన డబ్బు ఇక్కడే తిరిగి పోతుంది.

ఇత్తడి వాల్వు పక్కన: జింకు, ఇనుము, ఇత్తడి నీటిలో కలిసి ఉంటే ఇత్తడి నిలిచి, మిగతావి కరుగుతాయి. ఇత్తడి బాల్ వాల్వుకు అతికిన నిపుల్ మిగతా పైపు కన్నా ముందే పోవడం అందువల్లే.

గీజరు తరవాత: నీటి వేడి సుమారు 60 డిగ్రీలు దాటితే జింకు, ఇనుముల స్వభావం తారుమారై, జింకు ఇనుమును కాపాడటం మానేయవచ్చు. కాబట్టి వేడినీటి వరసలో జిఐ పైపు చన్నీటి వరస కన్నా త్వరగా చెడుతుంది.

నీళ్లు నిలిచే చోట: వాడని కొళాయికి పోయే కొమ్మ, మూతపెట్టి వదిలేసిన టీ వంటి చోట్ల మడ్డి పేరుకుని దాని కింద తుప్పు తొలుస్తుంది.

బయటి నుంచి: ఉప్పు శాతం ఎక్కువున్న ఇసుకతోనో, ఉప్పు బోరు నీటితోనో కలిపిన పూతలో పైపును పూడిస్తే గోడకు చెమ్మ తగిలినప్పుడల్లా బయటి వైపు తుప్పు పడుతుంది. చౌడు నేలలో పూడ్చిన పైపుదీ అదే గతి. ఇలాంటి పైపును కోసి చూస్తే లోపలి భాగం బాగానే ఉండి, పైభాగం పొరలు పొరలుగా ఊడుతుంది.

ప్లాస్టిక్ పైపుకు తుప్పు వల్ల బెజ్జాలు పడవు. దానికి వచ్చేవి సన్నటి పగుళ్లు, అతుకు ఊడటం. ప్లాస్టిక్ మరలో ఇనుప నిపుల్‌ను పైపు రెంచితో అతిగా బిగించడం, అతుకు ద్రావణం సరిగా పూయకపోవడం, మోటరు ఆగిన ప్రతిసారీ నీరు వెనక్కి కొట్టడం, ఎండ తగలడం దీనికి కారణాలు.

గార: దారి మూసే శత్రువు

కాల్షియం కార్బొనేటు నీటిలో నిలుస్తుందా, గోడకు అంటుకుంటుందా అన్నది అంచనా వేయడానికి అమెరికా శాస్త్రవేత్త విల్ఫ్రెడ్ లాంజెలియర్ 1936లో ఒక సూచిక ప్రతిపాదించాడు. పీహెచ్, వేడి, కాల్షియం, క్షారత్వం, కరిగిన లవణాలు కలిపి లెక్కవేసే ఆ సూచిక ధనాత్మకమైతే గార పడుతుంది, ఋణాత్మకమైతే నీరు పాత గారను కూడా కరిగించుకుంటుంది. పలచగా, సమానంగా పట్టిన గార ఇనుముకు తొడుగులా పనిచేసి కొంత మేలే చేస్తుంది. దట్టంగా, ఎగుడుదిగుడుగా పట్టినప్పుడు ధార తగ్గించి, తన కింద తుప్పుకు నీడనిస్తుంది. నీరు వేడెక్కేకొద్దీ గార ఎక్కువవుతుంది కాబట్టి గీజరు కాయిలు, షవరు బెజ్జాలు ముందు మూసుకుపోతాయి.

చీనీ రైతులకు ఈ సంగతి కొత్త కాదు. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక వ్యాపించిన డ్రిప్పు గొట్టాల్లో బోరు నీటి సున్నం డ్రిప్పర్లను మూసేస్తే, ఆమ్లం కలిపిన నీళ్లు పంపి కడుగుతారు. ఇంటి జిఐ పైపుకు ఆ వైద్యం పనికిరాదు. ఆమ్లం గారతో పాటు జింకును, ఇనుమును కూడా తినేస్తుంది. గారతోనే నిలబడి ఉన్న పాత పైపు ఆమ్లం తగిలిన తరవాత జల్లెడ కావచ్చు.

లీకు వల్ల నష్టం

సూదిమొనంత చిల్లు అంటే లెక్కచేయనక్కర లేదనిపిస్తుంది. కానీ ట్యాంకు నీటి మట్టానికి 5 మీటర్ల కింద ఉన్న పైపుకు ఒక మిల్లీమీటరు చిల్లు పడి నీరు అడ్డులేకుండా పోతే గంటకు సుమారు 17 లీటర్లు, రోజుకు దాదాపు 400 లీటర్లు కారుతుంది. మనిషికి 55 లీటర్ల లెక్కన అది ఏడుగురి వాటా. చిల్లు గోడ లోపల ఉంటే సిమెంటు అడ్డుపడి ఇంతకన్నా తక్కువ పోతుంది. ఆ తక్కువే రాత్రింబగళ్లూ పోతుంది.

ఎత్తు పది మీటర్లు పెరిగితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పెరుగుతుంది. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకు నుంచి దిగే పైపులో ఒత్తిడి అర కిలో పాటిదే. మోటరు నుంచి పైకెక్కే పైపులో అంతకన్నా ఎక్కువ, పైగా మోటరు వేసినప్పుడు, ఆపినప్పుడు కుదుపు ఉంటుంది. అందుకే ఎక్కే పైపులో లీకు పడితే ముందు దాని పని చూడాలి.

గోడకు చెమ్మ ఎక్కితే సున్నం పెచ్చులూడుతుంది, స్విచ్ బోర్డులోకి తేమ చేరుతుంది, స్లాబులో కడ్డీలు తుప్పుపడతాయి. పునాది కింద నల్లరేగడి ఒకచోటే తడిసి ఉబ్బితే గోడ చీలవచ్చు.

ఆరోగ్యానికి వచ్చే ముప్పు ఇంకా పెద్దది. కొళాయి నీళ్లు రోజుకో గంట, రెండు రోజులకోసారి వదిలే ఊళ్లలో మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. లోపల ఒత్తిడి లేనప్పుడు నీళ్లు బయటికి కారిన చిల్లులోంచే చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. కొళాయికి నేరుగా మోటరు బిగించి లాగితే పైపులో గాలి పీల్చినట్లయి ఆ మురుగు మరింత వేగంగా చేరుతుంది. పక్కింటి నీళ్లు తగ్గడం దీనివల్ల జరిగే కీడులో సగమే.

లీకు జాడ పట్టడం

గోడమీద మరక, రంగు ఉబ్బడం, కాళ్ల కింద ఒకచోట బండ ఎప్పుడూ చల్లగా ఉండటం, రాత్రి నిశ్శబ్దంలో సన్నటి చప్పుడు మొదటి గుర్తులు. మరక పైకి కనపడిన చోటే లీకు ఉండనక్కర్లేదు. నీరు పైపు వెంబడి, బండల సందుల వెంబడి పాకి, తేలికగా దారి దొరికిన చోట బయటపడుతుంది.

ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రాత్రి పడుకునే ముందు అన్ని కొళాయిలు కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టాలి. పొద్దున్నే చూస్తే ఎంత దిగిందో తెలుస్తుంది. మీటరు వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే పోయినది దాదాపు 8 లీటర్లు. మర్నాటి రాత్రి ట్యాంకు కిందనే ఉన్న వాల్వు కట్టేసి మళ్లీ చూడాలి. అప్పుడూ దిగితే లోపం ట్యాంకులోనో దాని కీళ్లలోనో ఉంది. దిగకపోతే కింది పైపుల్లో ఉంది. ఒక్కో బాత్‌రూముకు విడిగా వాల్వు ఉంటే ఈ పరీక్షను గది గదికీ చేసి జాడ పట్టవచ్చు. చాలా ఇళ్లలో కారుతున్నది పైపు కాదు, కమోడు ఫ్లష్ ట్యాంకులో అరిగిన రబ్బరు. గోడ పగలగొట్టే ముందు దాన్ని చూసుకోవాలి. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు కలిపి, నీళ్లు వదలకుండానే కమోడులో రంగు కనిపిస్తుందేమో చూడటం ఇందుకు తేలిక దారి.

తాత్కాలిక మరమ్మతు

సైకిల్ ట్యూబు ముక్కను చిల్లు మీద పరిచి, ఇనుప తీగతో గట్టిగా చుట్టడం పల్లెల్లో పాత చిట్కా. దీనికి మెరుగైన రూపం రబ్బరు వేసి పైపు చుట్టూ బోల్టులతో బిగించే క్లాంపు. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి అంటించే ఎపాక్సీ పుట్టీ కూడా పనిచేస్తుంది. అయితే నీళ్లు పూర్తిగా ఆపి, తుప్పును గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, తడి ఆరాక అంటించాలి. తడిమీద అంటించిన పుట్టీ వారం కూడా నిలవదు. మర దగ్గరి లీకుకు పైపు విప్పి, కొత్త టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం మేలు. పాత పైపు మీద రెంచి పెట్టేటప్పుడు రెండో రెంచితో అవతలి భాగాన్ని పట్టి ఉంచాలి. లేకపోతే ఒక కీలు విప్పబోతే గోడ లోపలి ఇంకో కీలు విరుగుతుంది.

జిఐ పైపు చిల్లుకు వెల్డింగు చేయించకూడదు. వేడికి చుట్టుపక్కల జింకు కాలిపోతుంది, ఆ పొగ పీల్చినవారికి జ్వరం రావచ్చు. వెల్డింగు చేసిన చోటి పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

అతుకా, మార్పిడా

పైపు వయసు తక్కువై, చిల్లు ఇత్తడి వాల్వు పక్కనో, మేకు దిగిన చోటో, ఒకే మర దగ్గరో ఉంటే ఆ ముక్క మారిస్తే చాలు. చిల్లు పైపు నడుమ పడితే, ఒకే వరసలో రెండు మూడు చోట్ల కారితే, పొద్దున తొలి బకెట్టు ఎర్రగా వస్తే, కొళాయిలన్నిటిలో ధార సన్నబడితే వరస మొత్తం మార్చడమే లాభం. సందేహం ఉంటే తీసిన ముక్కను రంపంతో నిలువుగా కోసి చూడాలి. సున్నపు గార ఎంత, తుప్పు బొడిపెలెన్ని, గోడ మందం ఎంత మిగిలింది అన్నవి కంటికే కనపడతాయి. పాత పైపు ముక్కకు మించిన నివేదిక లేదు.

మంచి నీటిలో జిఐ పైపు నలభై ఏళ్లు పనిచేయవచ్చు. ఉప్పు బోరు నీటిలో అందులో సగం కాలం కూడా రాకపోవచ్చు. ఇంట్లో రంగులు వేయించడం, బాత్‌రూము టైల్స్ మార్చడం వంటి పని ఎలాగూ ఉంటే, పైపుల పనిని దానితో కలిపితే గోడ ఒకసారే పగులుతుంది.

పైపులు మార్చే పద్ధతి

పాత పైపును గోడలోంచి పెకలించవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. దాన్ని రెండు చివరలా మూతలు బిగించి అక్కడే వదిలేసి, కొత్త వరసను గోడ బయటి వైపు నుంచి, లేదా డక్టులోంచి తీసుకెళ్లి, ప్రతి కొళాయి దగ్గర ఒక్క రంధ్రంతో లోపలికి దింపవచ్చు. చూపు కన్నా మరమ్మతు ముఖ్యమనుకునే ఇంటికి ఇది ఉత్తమ పద్ధతి.

కొత్త వరసను పాత వరసకు ఎక్కడ కలుపుతామన్నది ముఖ్యం. సగం జిఐ, సగం సీపీవీసీ చేస్తే మిగిలిన సగం కొన్నాళ్లకు కారడం ఖాయం. కలపక తప్పని చోట ఇత్తడి మర ఉన్న అడాప్టరు వాడాలి. ట్యాంకు నుంచి దిగే పైపు ఒక సైజు పెద్దది వేసి, కొమ్మలు చిన్నవి చేస్తే ధార తగ్గదు. ప్రతి బాత్‌రూముకు, వంటింటికి విడిగా వాల్వు పెట్టాలి. తాగునీటి వరసను బోరు వరసతో ఎక్కడా కలపకూడదు.

సీపీవీసీ పైపును అడ్డంగా, సమంగా కోసి, అంచు గీకి, తడి తుడిచి, దానికని ఉన్న ద్రావణమే పూసి, కొద్దిగా తిప్పుతూ లోపలికి నొక్కి కాసేపు పట్టుకోవాలి. పీవీసీ ద్రావణం దీనికి పనికిరాదు. ఎండకు ఈ పైపు బాగా సాగుతుంది. పది మీటర్ల పైపు 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇనుప పైపయితే నాలుగు మిల్లీమీటర్ల లోపే. మిద్దె మీది పొడవాటి వరసలో ఒక వంపు వదలడం, క్లాంపులను పైపు జరిగేంత వదులుగా బిగించడం ఇందుకే. బయట పడిన భాగానికి రంగో, తొడుగో ఉండాలి. గీజరు నుంచి, సోలార్ హీటరు నుంచి వచ్చే తొలి మీటరు పొడవు లోహపు పైపు ఉంచడం మంచిది.

పూత పూయకముందే వరసను నీటితో నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, అది తగ్గకుండా నిలుస్తుందో లేదో చూడాలి. గాడి మూసే ముందు ప్రతి గోడనూ కొలతబద్ద కనిపించేలా ఫోటో తీసి ఉంచుకుంటే, రేపు మేకు కొట్టేటప్పుడూ, ఎల్లుండి లీకు వెతికేటప్పుడూ అదే పటం.

చాలామంది మరిచేది ఒకటుంది. కొన్ని పాత ఇళ్లలో కరెంటు ఎర్తు తీగను నీటి జిఐ పైపుకే కట్టి ఉంటారు. ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ వేస్తే ఆ ఎర్తు తెగిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్జు, గీజరు, మోటరు అన్నీ రక్షణ లేకుండా మిగులుతాయి. పైపుల పని మొదలయ్యే రోజునే ఎలక్ట్రీషియను చేత ఎర్తు చూపించి, అవసరమైతే విడిగా ఎర్తు గుంట తీయించాలి.

వీధి పైపు నుంచి ఇంటికి వచ్చే కనెక్షను కదిలించాలంటే పల్లెలో పంచాయతీకి, పట్టణంలో మునిసిపాలిటీకి చెప్పి చేయించాలి.

ఇతర దేశాల్లో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సమస్య రాగి పైపుల రూపంలో ఎదురవుతుంది. వాషింగ్టన్ పరిసరాల్లోని మేరీల్యాండ్ ఇళ్లలో రాగి పైపులకు సూదిబెజ్జాలు పెద్దసంఖ్యలో పడటంతో, అక్కడి నీటి సంస్థ 2003లో నీటికి ఆర్థోఫాస్ఫేటు కలపడం మొదలుపెట్టింది. అది లోహం మీద పలచటి రక్షణ పొర కడుతుంది. అమెరికాలోనే 1970ల చివరి నుంచి 1990ల నడుమ దాకా వాడిన పాలీబ్యూటిలిన్ అనే ప్లాస్టిక్ పైపులు కీళ్ల దగ్గర పగలడంతో పెద్ద దావాలు నడిచాయి, ఆ పైపులు వాడుకలోంచి పోయాయి. 2014లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ నగరం నీటి వనరును మార్చి, తుప్పు నివారణ రసాయనం కలపకపోవడంతో పాత పైపుల్లోని సీసం తాగునీటిలోకి చేరింది. నీరు మారితే పైపు ప్రవర్తన కూడా మారుతుందనడానికి ఇది ప్రపంచమెరిగిన ఉదాహరణ.

కడప జిల్లా నుంచి బతుకుతెరువుకు ఎందరో వెళ్లిన కువైట్‌లో నీటి కథ ఇక్కడికి సరిగ్గా తలకిందులు. అక్కడ సముద్రపు నీటి ఉప్పు తీసి తాగుతారు. ఖనిజాలు పోయిన ఆ నీరు దేన్నైనా కరిగించుకోవాలని చూస్తుంది కాబట్టి, పైపుల్లోకి వదిలే ముందు దానికి మళ్లీ సున్నపు ఖనిజాలు చేర్చవలసి వస్తుంది. మన ఇళ్లలో ఆర్వో యంత్రం నుంచి వచ్చే నీరు కూడా ఆ జాతిదే. దాన్ని జిఐ పైపులోకో రాగి పైపులోకో ఎక్కించకుండా, యంత్రంతో వచ్చిన ప్లాస్టిక్ గొట్టంతోనే పట్టుకోవాలి.

నిర్వహణ

ఏడాదికోసారి ట్యాంకు కడిగి, అడుగున పేరుకున్న మడ్డి పైపుల్లోకి దిగకముందే తీసేయాలి. మోటరు తరవాత, ట్యాంకు ముందు జల్లెడ ఉంటే ఇసుక లోపలికి రాదు. వాల్వులను ఆరు నెలలకోసారి పూర్తిగా తిప్పి, తెరిచి చూడాలి. ఏళ్ల తరబడి కదలని వాల్వు సరిగ్గా అవసరమైన రోజున తిరగదు. కొత్త బోరు వేసినప్పుడు, లేదా ఇంటికి వచ్చే నీటి వనరు మారినప్పుడు నీటిని పరీక్ష చేయించి కాఠిన్యం, క్లోరైడు, పీహెచ్ రాసి ఉంచుకుంటే, తరవాత పైపు ఎంపికకు అదే ఆధారం. షవరు, కొళాయి మూతి జల్లెడను విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో రాత్రంతా నానబెడితే గార వదులుతుంది. ఎన్నాళ్లకోసారి అలా విప్పవలసి వస్తున్నదన్నదే గోడ లోపల కనపడని పైపులో గార ఎంత వేగంగా పేరుకుంటున్నదో చెప్పే కొలత.